కాంచనమాల: ఆ తరువాతి ముప్పై ఎనిమిదేళ్లు

తెల్లవారుజామున అయిదింటికి కృష్ణానగర్‌లో వీధిదీపాలు ఇంకా ఆరవు. టీ బండి దగ్గర అప్పటికే జనం మూగి ఉంటారు. ఒక్కొక్కరి చేతిలో ఓ సంచి. సంచిలో రెండు జతల బట్టలు, దువ్వెన, పౌడరు డబ్బా. పెళ్లి సీనుకి పట్టుపంచె, ఆఫీసు సీనుకి ప్యాంటూ చొక్కా, ఏది అడిగితే అది. కంపెనీ బండి వచ్చి ఆగుతుంది. కో-ఆర్డినేటరు దిగి మొహాలు చూస్తాడు. "నువ్వెక్కు. నువ్వెక్కు. నువ్వాగు." ఆగమన్నవాడు ఇంకో టీ చెప్పి, చప్పరిస్తూ, రెండో బండి కోసం రోడ్డు చివరికి చూస్తాడు.

ఈ పేటలో చాలా ఏళ్లుగా అద్దెకుంటున్నాను. ఇక్కడి గదుల్లో మంచం లేకపోవచ్చు, అద్దం మాత్రం ఉంటుంది. ఆరు నెలలు బాకీ పడ్డవాడు కూడా అద్దాన్ని అమ్ముకోడు. మేకప్ వాళ్లు, కాస్ట్యూమ్స్ వాళ్లు, లైట్‌మెన్లు, డూపులు, పాటల గుంపులో మూడో వరుస వాళ్లు, కథలు చంకలో పెట్టుకు తిరిగే అసిస్టెంట్లు... సినిమాకి ఉన్న ఇరవైనాలుగు శాఖలూ ఈ సందుల్లోనే బట్టలారేసుకుంటాయి. సాయంత్రం మెస్సులో కూర్చుంటే కబుర్లన్నీ పైకెళ్లిన వాళ్లవే. ఫలానావాడు ఈ మేడ మీదే ఉండేవాడు, ఫలానావాడికి ఈ అన్నే అరువు పెట్టేవాడు. కిందికి దిగిన వాళ్ల కబుర్లు తక్కువ. వాటిని ఇక్కడ అపశకునంలా చూస్తారు. ఎంత చూసినా ఒక్క సావిత్రి కథ మాత్రం చెప్పుకుంటారు, అదీ 2018లో సినిమాగా వచ్చింది గనక.

ఇక్కణ్ణుంచి యూసుఫ్‌గూడ మీదుగా అమీర్‌పేట వైపు నడిస్తే ఎల్లారెడ్డిగూడ దగ్గర సారథి స్టూడియో. హైదరాబాదులో మొదట వెలసిన స్టూడియో అదే. 1950ల రెండో సగంలో, మద్రాసు తప్ప మరోచోట తెలుగు సినిమా తీయొచ్చని ఎవరూ గట్టిగా నమ్మని రోజుల్లో, ఊరికి దూరంగా ఉన్న ఈ నేల మీద కట్టారు. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి'ని పూర్తిగా హైదరాబాదులో తీసిన తొలి తెలుగు చిత్రంగా చెప్తారు, అది ఇక్కడిదే. ఆ గేటు మీది పేరు ఎక్కడిదో ఎప్పుడైనా అడిగారా? దాన్ని కట్టించింది చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. అంతకు ఇరవయ్యేళ్ల ముందు గూడవల్లి రామబ్రహ్మంతో కలిసి ఆయన పెట్టిన సారథి ఫిల్మ్స్ తొలి చిత్రం 'మాలపిల్ల'. ఆ మాలపిల్ల పేరు సంపాలత. సంపాలతగా వేసింది కాంచనమాల.

ఈ కథంతా అక్కణ్ణుంచి మొదలైంది నాకు. మా మెట్ల కింద గదిలో ఉండే ఓ పాత కాస్ట్యూమ్స్ బాబాయిని ఒకరోజు అడిగాను, కాంచనమాల తెలుసా అని. ఆయన కత్తెర ఆపి తల ఎత్తాడు. "ఏ సీరియలు బాబూ?" అన్నాడు.

---

1917లో పుట్టిన తెనాలి ప్రాంతపు పిల్ల కాంచనమాల. నాటకాల వాళ్లు, హరికథల వాళ్లు, గ్రామఫోను రికార్డులకు పాడేవాళ్లు అడుగడుక్కీ కనిపించే గడ్డ అది. తొలి తరం తారలకు పుట్టిల్లు. చిత్తజల్లు పుల్లయ్య కంట పడి 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'లో మిత్రవిందగా ఓ చిన్న వేషం వేసింది. కృష్ణుడికి ఎనిమిది మంది భార్యలుంటే సత్యభామకీ రుక్మిణికీ తప్ప మిగతావాళ్లకి మాటలెక్కడివి! అయినా చూసినవాళ్లకి ఆ కళ్లు గుర్తుండిపోయాయి. ఆమె గురించి ఎవరు రాసినా కళ్ల దగ్గరే మొదలుపెట్టారు. పెద్ద కళ్లు. నలుపు తెలుపు బొమ్మలో, ఆనాటి అరకొర దీపాల వెలుగులో, మొహంలో ముందు అవే వెలిగేవి. 1937లో 'విప్రనారాయణ'లో దేవదేవి. భక్తుణ్ణి దారి తప్పించే వేశ్య పాత్ర. మిత్రవింద నుంచి దేవదేవికి రెండేళ్లు పట్టింది. దేవదేవి నుంచి సంపాలతకి ఒక్క ఏడాది.

'మాలపిల్ల' 1938 సెప్టెంబరులో విడుదలైంది. అప్పటికి మన టాకీ వయసు ఆరేడేళ్లు. తెర మీద అంతా దేవుళ్లూ రాక్షసులూ, కిరీటాలూ గదలూ, పద్యాలూ. ఆ వరసలో ఒక ఊరు, ఆ ఊళ్లో గుడి, గుడిలోకీ చెరువు దగ్గరికీ రానివ్వని మాలపల్లె. పూజారి కొడుకు నాగరాజు, పల్లెలో సంపాలత. కథ చలానిది. మాటలు తాపీ ధర్మారావువి. జనం నోట్లో ఉన్న తెలుగునే పాత్రల నోట్లో పెట్టాడాయన. సంగీతం భీమవరపు నరసింహారావుది. సనాతనుడైన సుందరరామశాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు, నాగరాజుగా గాలి వెంకటేశ్వరరావు. గాంధీ హరిజన యాత్రలు చేసి నాలుగేళ్లే అయింది. దేవాలయాల్లోకి రానివ్వాలా వద్దా అని ఊరూరా పంచాయితీలు నడుస్తున్న కాలం. ఆ గొడవ మధ్యలో ఈ సినిమా పడింది.

ఎవరి సొమ్ముతో తీశారో కూడా చూడండి. ఒక జమీందారు సొమ్ముతో. మరుసటి ఏడాది అదే సొమ్ముతో రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీసి జమీందార్ల మీదే కొరడా ఎత్తాడు. మిగతా జమీందార్లు మండిపడ్డారు. చల్లపల్లివారి మనసులో ఏముండేదో గాని, ఆ రెండు సినిమాల మీద పెట్టిన పేరునే తరవాత ఈ ఎల్లారెడ్డిగూడ గేటు మీద రాయించారు.

సంపాలత సినిమా మొదటి సగంలో పల్లెపిల్ల. మోటు చీర, చెదిరిన జుట్టు. రెండో సగంలో నాగరాజుతో కలకత్తా చేరి చదువు నేర్చుకుని నాగరికంగా తయారవుతుంది. ఈ రెండింటిలో ఏ కాంచనమాల అందగత్తె అన్నది ఆ రోజుల్లో పెద్ద చర్చ. నన్నడిగితే మొదటి సగమే. రెండో సగంలో ఆమె అందంగా ఉందని అందరికీ చెబుతూ కెమెరా నిలబడుతుంది. మొదటి సగంలో ఆ పని కళ్లే చేసుకుంటాయి. పట్నం ఆడవాళ్లు మాత్రం రెండో సగమే చూశారు. ఆ చేతుల్లేని రవికె, ఆ జడ, ఆ చీరకట్టు ఇళ్లలోకి వచ్చాయి. సినిమా తార తొడిగింది గనక మేమూ తొడుగుతాం అన్న మాట తెలుగిళ్లలో గట్టిగా వినిపించింది అప్పుడే అనుకుంటాను.

అదే ఏడాది హెచ్.ఎం. రెడ్డి 'గృహలక్ష్మి'లో మధురి. పచ్చని సంసారంలో నిప్పు పోసే నాట్యకత్తె. ఎదురుగా ఇల్లాలుగా కన్నాంబ, ఆమె అన్నగా తొలిసారి తెర మీదికొచ్చిన చిత్తూరు నాగయ్య. సంపాలతను చూసి అయ్యో అన్న జనమే మధురిని చూసి మెటికలు విరిచారు. 1939లో బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థ పెట్టి తీసిన మొదటి సినిమా 'వందేమాతరం'లో నాగయ్య సరసన జానకి. అదే ఏడాది వై.వి. రావు 'మళ్లీపెళ్లి'లో బాలవితంతువు లలిత. 1940లో మళ్లీ రామబ్రహ్మం దగ్గర 'ఇల్లాలు'. అంటరానితనం, నిరుద్యోగం, వితంతు వివాహం... ఆ దశాబ్దంలో తెలుగు మధ్యతరగతి ఇంటి గుమ్మంలో నిలబడి తలుపు తట్టిన ప్రశ్నలన్నీ ఈ ఒక్క మనిషి మొహం పెట్టుకునే లోపలికొచ్చాయి. ఆ మొహాన్ని జనం క్యాలెండరు చేసి గోడకు తగిలించుకున్నారు. ప్రశ్నల సంగతి సరే.

'ఇల్లాలు' దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అందులో సాలూరి రాజేశ్వరరావు పాడుతూ నటించాడు. ఆయన పక్కన పాడిన అమ్మాయి లక్ష్మీరాజ్యం. ఈ పేరు మనకి మళ్లీ కావాలి.

---

జెమిని అంటే మద్రాసులో ఇప్పటికీ ఒక కూడలి పేరు. స్టూడియో లేదు, వంతెన ఉంది. 'ఆనంద వికటన్' పత్రిక నడిపే ఎస్.ఎస్. వాసన్, అగ్నిప్రమాదంలో దెబ్బతిన్న ఒక స్టూడియోని వేలంలో కొని దానికి జెమిని అని పేరు పెట్టాడు. లెక్క తెలిసిన మనిషి. ప్రచారం ఎలా చేయాలో ఆయన దగ్గర ఊరంతా నేర్చుకుంది. తెలుగులో పెద్ద సినిమా తీయాలనుకున్నప్పుడు బుర్రకథల వాళ్లు, తోలుబొమ్మల వాళ్లు తరతరాలుగా ఆడిన కథను ఎంచుకున్నాడు. 'బాలనాగమ్మ'. దర్శకుడు పుల్లయ్య, అంటే కాంచనమాలను తెరకు తెచ్చిన మనిషే. కార్యవర్ధిరాజుగా బందా కనకలింగేశ్వరరావు, సంగుగా పుష్పవల్లి, మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు. బాలనాగమ్మ కాంచనమాల.

కథ తెలియని తెలుగువాడు ఉండడు. మాయల మరాఠీ భిక్షకని వచ్చి, బాలనాగమ్మను కుక్కను చేసి తన వెంట తీసుకుపోతాడు. కొడుకు పెరిగి పెద్దవాడై, మరాఠీ ప్రాణం ఉన్న చిలకను పట్టేదాకా ఆమె ఆ కోటలోనే. అన్నేళ్లూ ఏదో ఒక వంకతో మరాఠీని దూరం పెడుతూ, రోజులు లెక్కపెట్టుకుంటూ.

1942 డిసెంబరులో సినిమా వచ్చింది. జనం విరగబడ్డారు. జెమిని నిలదొక్కుకున్న సినిమాల్లో అది ముందు వరసలోది. సుబ్బారావు మరాఠీని చూసి పిల్లలు జడుసుకున్నారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. కాంచనమాలకు ఇరవై అయిదేళ్లు. నాయికగా ఆమె చివరి సినిమా అది.

ఏం జరిగింది? ఆ కాలం గురించి రాసినవాళ్లు అందరూ ఒప్పందం దగ్గరే ఆగుతారు. జెమినితో రాసుకున్న కాగితంలో బయటి కంపెనీల్లో నటించకూడదన్న షరతు ఉంది. బయటి నుంచి పిలుపులు వచ్చాయి. వాసన్ కాదన్నాడు. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆమె గదిలో అన్న మాటల్ని ఆయన చాటుగా రికార్డు చేయించి, తరవాత ఆమెకే వినిపించాడని మద్రాసులో ఒక కథ చెప్పుకునేవారు. దాని మీద నేను పెద్దగా బరువు మోపను. అయితే అలాంటి కథ ఒకటి పుట్టి ఇన్నేళ్లు బతికిందంటే, స్టూడియో అంటే నటులకి ఎలాంటి భయముండేదో మాత్రం అర్థమవుతుంది. గొంతును పట్టే యంత్రం యజమానిది. పట్టిన గొంతూ యజమానిదే.

ఇలాంటి ఒప్పందాలు లోకమంతటా ఉన్నాయి. 1925లో హాలీవుడ్ నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ బుడాపెస్టు వెళ్లి విల్మా బాంకీ అనే హంగేరీ నటిని ఒప్పందం రాయించుకుని అమెరికా పట్టుకెళ్లాడు. మూకీల్లో ఆమె మహరాణి. సినిమాకి మాటలొచ్చేసరికి ఆ హంగేరీ యాస అమెరికా చెవికి ఎక్కలేదు. కొన్నాళ్లకే తెర మీంచి తప్పుకుంది. 1991లో ఆమె చనిపోతే ఆ సంగతి లోకానికి తెలిసింది మరుసటి ఏడాది. బాంకీకి గొంతు అడ్డొచ్చింది. కాంచనమాలకు గొంతూ ఉంది, భాషా ఉంది, జనమూ ఉన్నారు. లేనిది ఆ కాగితం మీంచి బయటికి నడిచే దారి.

సినిమావాళ్ల కబుర్లలో దీనికి 'పొగరు' అని ఓ చిన్న పేరు పెట్టారు. పెద్దాయనతో పెట్టుకుంది, పోయింది, అంతే. నేనా మాట ఒప్పుకోను. కథానాయకుడు సెట్టు మీంచి లేచి వెళ్లిపోతే ఆత్మాభిమానం అంటారు. భానుమతి లేచి వెళ్తే కూడా చివరికి ఆత్మాభిమానమే అన్నారు, ఎందుకంటే ఆవిడ వెనక భర్త రామకృష్ణ, భరణీ స్టూడియో ఉన్నాయి. లేచి వెళ్లి కూర్చోడానికి ఒక సొంత అరుగు ఉండాలి. కాంచనమాలకు అది లేదు.

కాలం కూడా కలిసి రాలేదు. యుద్ధం. 1942 ఏప్రిల్లో జపానువాళ్లు బాంబులేస్తారని మద్రాసు సగం ఖాళీ అయింది. సినిమావాళ్లూ తట్టాబుట్టా సర్దుకుని ఊళ్లకు పోయారు. మరుసటి ఏడాదికి ముడి ఫిల్ము మీద ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. ఏ సినిమా అయినా 11,000 అడుగులు దాటకూడదు, ఆ ఫిల్ముకీ లైసెన్సు ఉండాలి. తెలుగులో తీసే బొమ్మల సంఖ్య చేతి వేళ్ల మీదికి దిగిపోయింది. ఒప్పందం లేకపోయినా ఆ రెండు మూడేళ్లు ఎవరికీ చేతినిండా పని లేదు. మిగతావాళ్లు ఆగారు, యుద్ధం పోయాక మళ్లీ మొదలుపెట్టారు. రామబ్రహ్మం ఆగలేకపోయాడు. 1946లో, నలభై అయిదు కూడా దాటకుండా పోయాడు. ఆమెను సంపాలతగా చూడగలిగిన ఒక్క దర్శకుడూ అలా లేకుండా పోయాడు.

ఇదంతా ఒక ఎత్తు. ఇంట్లో ఇంకొకటి. భర్త గాలి వెంకయ్యకు క్షయ.

క్షయ అంటే ఇప్పటివాళ్లకు ఆరు నెలల మాత్రలు. అప్పుడు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ను కనిపెట్టింది 1943లో, అదీ అమెరికాలో ప్రయోగశాలలో. మన నేలకు అది వచ్చేసరికి స్వాతంత్ర్యం కూడా వచ్చేసింది. అప్పటి వైద్యం అంటే మదనపల్లె ఆరోగ్యవరం లాంటి చోట మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి. ఆపైన దేవుడు. దగ్గులో నెత్తురు పడుతుంటే పక్కన కూర్చుని చూడటం తప్ప ఎంత డబ్బున్న భార్యా చేయగలిగింది లేదు. ఊరంతా ఆమె బొమ్మ గోడలకు వేలాడుతున్న రోజుల్లో ఇంట్లో జరుగుతున్నది ఇది.

వెంకయ్య చనిపోయాడు. కాంచనమాల మనసు చెదిరిపోయింది.

రాసినవాళ్లంతా ఇక్కడ ఈ ఒక్క వాక్యమే రాశారు. నేనూ అదే రాశాను. ఎన్నిసార్లు తిరగేసినా దాన్ని విప్పడానికి ఏమీ దొరకదు. ఏ రోజున, ఏ మాట అంటూ, ఏ వస్తువు చేతిలోంచి జారి... ఏమీ లేదు. సావిత్రి విషయంలో మనకు అన్నీ తెలుసు. ఎవరు మోసం చేశారో, ఏ సినిమాలో ఎంత పోయిందో, ఏ ఇల్లు ఎప్పుడు పోయిందో, ఆదాయపన్నువాళ్లు ఎప్పుడొచ్చారో. సావిత్రి పడుతుంటే జనం నిలబడి చూశారు. కాంచనమాల పడ్డ చప్పుడు ఎవరికీ వినపడలేదు.

---

ఇప్పుడు లక్ష్మీరాజ్యం.

'ఇల్లాలు'లో పక్కన నటించిన అమ్మాయి మద్రాసులోనే నిలదొక్కుకుంది. భర్త శ్రీధరరావుతో కలిసి రాజ్యం పిక్చర్స్ పెట్టింది. 1952లో 'దాసి', తరవాత 'హరిశ్చంద్ర'. నాయిక వేషాలు తగ్గే వయసు రాకముందే నిర్మాత కుర్చీలో కూర్చున్న తెలివైన మనిషి. తన కాలపు మొహాలు ఒక్కొక్కటీ ఎలా మరుగైపోతున్నాయో ఆమె కళ్లారా చూసి ఉంటుంది. కాంచనమాలను తన దగ్గర పెట్టుకుని చూసుకుంది.

ఈ మాట తేలిగ్గా చదివి దాటకండి. అన్నం పెట్టడం, ఒక నెల డబ్బు పంపడం సినిమాలో చాలామంది చేశారు, ఇప్పుడూ చేస్తారు. మా పేటలో ఎవరైనా మంచం పడితే సాయంత్రానికి ఎవరో ఒకరు డబ్బా పట్టుకుని గదిగదికీ తిరుగుతారు. మనసు తన దగ్గర లేని మనిషిని ఇంటి మనిషిని చేసుకోవడం వేరే పని. పొద్దున్న లేపాలి, తల దువ్వాలి, తినమని చెప్పాలి, తినకపోతే మళ్లీ చెప్పాలి. అవతలి మనిషికి కృతజ్ఞత అనేది తెలియదు గనక ఆ మాట వినే ఆశ కూడా ఉండదు. పైగా ఆ మనిషి మొహం ఒకప్పుడు ఆంధ్రదేశంలో ప్రతి ఇంటి గోడ మీదా ఉంది.

ఆమెను డబ్బు చేసుకున్న కంపెనీలు చాలా ఉన్నాయి, ఆమె పేరుతో హాళ్లు నింపుకున్న యజమానులు చాలామంది. ఆఖరికి తలుపు తెరిచింది ఒకప్పుడు తనతో సమానంగా మేకప్ వేసుకున్న ఇంకో ఆడది. సినిమా చరిత్రల్లో లక్ష్మీరాజ్యం గురించి రాసేటప్పుడు 'నర్తనశాల నిర్మాత' అని మొదలుపెడతారు. నేను రాస్తే ఇటునుంచి మొదలుపెడతాను.

అలాగని 'నర్తనశాల'ను వదలలేను, ఎందుకంటే ఈ కథలో అన్నిటికంటే విచిత్రమైన బొమ్మ అక్కడే ఉంది.

1963. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. బృహన్నలగా రామారావు, కీచకుడిగా ఎస్.వి. రంగారావు, సైరంధ్రిగా సావిత్రి. జకార్తాలో ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో రంగారావుకి ఉత్తమ నటుడని పేరొచ్చింది ఈ కీచకుడికే. సావిత్రి అప్పుడు ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. 'మాయాబజార్' అయి ఆరేళ్లు, మరికొద్ది నెలల్లో 'మూగమనసులు'. తెలుగు, తమిళం రెండింటిలోనూ ఆమె మాటే మాట. ఆ సెట్టు మీదికి లక్ష్మీరాజ్యం కాంచనమాలను తీసుకొచ్చింది. ఓ చిన్న వేషం వేయించింది. ఇరవై ఒక్క ఏళ్ల తరవాత మళ్లీ మొహానికి రంగు.

ఎందుకు చేసిందో ఊహించగలను. దీపాల వేడి తగిలితే, క్లాప్ చప్పుడు వినిపిస్తే, ఏదైనా మేలుకుంటుందేమో అన్న ఆశ. మనసు మరిచినా ఒళ్లు మరవదని నాటకాలవాళ్లు నమ్ముతారు. మా పేటలోనూ ఓ ముసలాయన ఉండేవాడు, మాట పడిపోయింది. పద్యం అందిస్తే మాత్రం రాగం తీసేవాడు.

కాంచనమాల మేలుకోలేదు. ఆ తరవాత మళ్లీ ఏ సినిమాలోనూ కనిపించలేదు.

ఆ సెట్టు మీద సావిత్రి ఆమెను చూసి ఉంటుందా? చూసే ఉంటుంది. సెట్టు మీద ఎవరో ఒకరు చెవిలో చెప్పకుండా ఉండరు, అదిగో ఆవిడే, ఒకప్పటి కాంచనమాల. చూసి ఏమనుకుంది అన్నది మనది కాని ప్రశ్న. 'నర్తనశాల'లో ద్రౌపది ఏడాదిపాటు తన పేరు, తన ఊరు, తన మొగుళ్ల పేర్లు దాచుకుని పరాయి రాణి దగ్గర తల దువ్వుతూ బతుకుతుంది. అజ్ఞాతవాసం ఏడాదే. ముగింపు తేదీ ముందే తెలుసు. అదే సెట్టు మీద పక్కనే ఉన్నామె అజ్ఞాతవాసానికి అప్పటికే రెండు దశాబ్దాలు దాటాయి. ఇంకా పద్దెనిమిదేళ్లు మిగిలున్నాయి.

ఆ పద్దెనిమిదేళ్లలో తెలుగు సినిమా ఊరు మారింది. సారథి గేటు తెరుచుకునే ఉంది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు జూబ్లీహిల్స్ రాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియో తెరిచాడు. ఆ రెండు స్టూడియోలకీ నడిచి వెళ్లగలిగేంత దూరంలో, అద్దె తక్కువ కాబట్టి, పనివాళ్లు గదులు తీసుకున్నారు. అలా పెరిగిందే మా కృష్ణానగర్. మద్రాసు నుంచి మేకప్ పెట్టెలూ విగ్గులూ ఒక్కొక్కటిగా ఈ ఊరొచ్చాయి. పాత జ్ఞాపకాలు కొన్ని మాత్రం అక్కడే దిగబడిపోయాయి, వాటిని ఎక్కించుకునే బండి రాలేదు. కాంచనమాల అక్కడే ఉంది.

1981 జనవరి 24న మద్రాసులో ఆమె చనిపోయింది. అరవై మూడేళ్లు. వాటిలో తెర మీద ఉన్నవి ఏడు. 'బాలనాగమ్మ' విడుదలైన నాటి నుంచి లెక్కేస్తే ముప్పై ఎనిమిదేళ్లు. మన భాషలో పడిపోయిన తారలకు కొదవ లేదు, కాని పడ్డ తరవాత ఇంత కాలం బతికిన మనిషిని ఇంకొకరిని చెప్పలేను. ఆ రోజున సావిత్రి అదే ఊళ్లో, ఎనిమిది నెలలుగా కోమాలో ఉంది. ఆ ఏడాది డిసెంబరు 26న ఆమె కూడా వెళ్లిపోయింది. 'నర్తనశాల'లో ఒకే పంచన నిలబడ్డ ఇద్దరు నాయికలు ఒకే ఏడాది, ఒకే ఊళ్లో. రెండో ఆమె కోసం ఆంధ్రదేశం ఏడ్చింది, ఇంకా ఏడుస్తోంది. మొదటి ఆమె కోసం ఏడవవలసినవాళ్లలో చాలామంది అప్పటికే పోయారు. మిగిలినవాళ్లలో కొందరు ఆమె ఎప్పుడో పోయిందనుకున్నారు.

---

మొన్న ఓ ఆదివారం మెస్సులో టీవీలో 'నర్తనశాల' వస్తోంది. మధ్యాహ్నం రెండు. పని లేని రోజు కాబట్టి జనం నిండుగా ఉన్నారు. ఈ సినిమా వస్తే ఛానలు మార్చే దమ్ము మా దగ్గర ఎవరికీ లేదు. కాస్ట్యూమ్స్ బాబాయి కూడా వచ్చి కూర్చున్నాడు. ఆయనకు ఇప్పుడు కాంచనమాల ఎవరో తెలుసు, నేను చెప్పాను. "ఈ సినిమాలో ఉందన్నావుగా, ఎక్కడొస్తుందో చూపించు," అన్నాడు.

కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాను. ఈ సినిమా ఎప్పుడు చూసినా ఆమె కోసమే మొదలుపెడతాను. అంతఃపురం వచ్చిన ప్రతిసారీ ప్రతి మొహం దగ్గరా ఆగుతాను, ముఖ్యంగా కళ్ల దగ్గర. బాబాయి కూడా వేలు పెట్టి అడుగుతున్నాడు, "ఈవిడా? కాదా? మరి ఆవిడా?" ఇంతలో కీచకుడు వచ్చాడు. రంగారావు గద భుజాన పెట్టుకుని అలా నడిచొస్తుంటే మెస్సంతా అన్నం కలపడం ఆపేసింది. బాబాయి వేలు గాల్లోనే ఉండిపోయింది. నేనూ అటే చూస్తున్నాను.

తేరుకునేసరికి సీను మారిపోయింది. కుర్రాడు సాంబారు గిన్నె పట్టుకుని టీవీకి అడ్డంగా వచ్చి, "ఇంకొంచెం వెయ్యమంటారా అన్నా?" అన్నాడు.